చెప్పులేసుకున్న చెప్పుల్లేని స్వాములు

అక్టోబరు వచ్చిందంటే కతోలిక గుళ్లలో కాళ్ల మాసం మొదలైనట్టే. 4న అసిస్సీ ఫ్రాన్సిస్ పండుగ, 15న ఆవిలా తెరేసమ్మ పండుగ. పండుగలు రెండైనా ప్రసంగం ఒకటే: "ఆ మహానుభావులు కాళ్లకున్న చెప్పులు సైతం విడిచిపెట్టారు సహోదరీ సహోదరులారా, మరి మీరేం విడిచిపెట్టారు?" వినేవాళ్లు చెప్పులు గుమ్మం బయటే విడిచి, చాపల మీద వట్టి కాళ్లతో కూర్చుని ఉంటారు. అడిగే పెద్దాయన పీఠం మీద పాలిష్ పెట్టిన నల్ల బూట్లలో ఉంటారు. మేజోళ్లు కూడా నల్లవే. మ్యాచింగు.

దీన్ని కపటం అని నోరు జారకండి. ఇది పదహారు వందల ఏళ్ల నాటి శాస్త్రం. కాళ్లకి ఏముందో చూసి మాట్లాడేవాడు పామరుడు. కాళ్లకి ఉన్నది లెక్కలోకి వస్తుందో రాదో తేల్చేవాడు పండితుడు.

చిక్కంతా సువార్తల్లోనే ఉంది. మత్తయి 10వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల్ని ఊళ్ల మీదికి పంపుతూ చెప్పులు వద్దన్నాడు. మార్కు 6వ అధ్యాయంలో అదే ప్రభువు అదే ప్రయాణానికి చెప్పులు తొడుక్కోమన్నాడు. మామూలు మనిషైతే నేల ఎలా ఉందో చూసుకుని తేల్చుకుంటాడు. పండితుడు కూడా అలాగే తేల్చుకుంటే ఇక చదువెందుకు? తొలినాటి దైవశాస్త్ర పండితుడు అగస్టీను గారు రాజీ కుదిర్చారు. మార్కు చెప్పిన చెప్పుకి కింద అట్ట ఉంటుంది, పైన కప్పు ఉండదు. కాబట్టి ఆ పాదం కప్పుకున్నదీ కాదు, నేలకి ఆనినదీ కాదు. ఇక మిగతా చరిత్ర అంతా ఈ ఒక్క వాక్యానికి టీకాతాత్పర్యమే.

ఐగుప్తు ఎడారి మునుల సంగతి కాసియాను అనే మఠవాసి 5వ శతాబ్దం మొదట్లో రాసిపెట్టాడు. సువార్త వద్దంది గనక వాళ్లు బూట్లు తొడగరు. ఒంట్లో బాగోకపోయినా, చలికాలం తెల్లవారుజామునైనా, మిట్టమధ్యాహ్నం ఎండకైనా మాత్రం చెప్పులు వేసుకుంటారు. ఎడారిలో జబ్బూ, చలీ, ఎండా తీసేశాక నియమం పాటించడానికి ఎన్ని గంటలు మిగులుతాయో మీరే లెక్కేసుకోండి.

మొత్తం వ్యవహారంలో బుర్ర ఉన్నవాడు బెనెడిక్టు ఒక్కడే. ఆయన నియమావళి 55వ అధ్యాయంలో మఠవాసికి మేజోళ్లు, బూట్లు ఇవ్వమన్నాడు. రంగు బాగోలేదని, ముతకగా ఉందని సణగొద్దన్నాడు. ఆ ఊళ్లో చవగ్గా దొరికేది కొనమన్నాడు. కొత్తది తీసుకున్న రోజే పాతది అప్పగిస్తే పేదలకి పనికొస్తుందన్నాడు. ఆ దారిలో వచ్చిన మఠాల్లో పగటికి వేరు, రాత్రి ప్రార్థనకి వేరు జోళ్లుండేవి. సిస్టర్షియన్ మఠాల్లో నిప్పు ఉండే గది ఒకటి ఉండేది. అందులోకి వెళ్లడానికి అనుమతి ఉన్న పనుల్లో జోళ్లకి కొవ్వు రాసుకోవడం ఒకటి. తడిసిన తోలుని ఊరికే నిప్పు దగ్గర పెడితే బిగుసుకుపోయి మడత దగ్గర పగులుతుంది, కొవ్వు పడితేనే మెత్తబడుతుంది. ఇంత ఇంగితం ఉన్నవాళ్ల మీద మాత్రం ప్రసంగాలు రావు. జోళ్లకి కొవ్వు రాసుకుంటున్న పునీతుడి విగ్రహం ఏ గుళ్లోనైనా చూశారా?

ఫ్రాన్సిస్ మత్తయి పక్షం. పోర్సియుంకులా గుళ్లో ఆ వాక్యం విన్నాడు, చేతికర్ర పారేశాడు, జోళ్లు విడిచాడు. మనిషి అబద్ధం కాదు. కానీ 1223లో మూడో హొనోరియుస్ పాపుగారు (పోపు) ఆమోదించిన నియమావళికి వచ్చేసరికి ఒక ముక్క చేరింది: అవసరం తరిమితే తొడుక్కోవచ్చు. అవసరం అనే మాట నియమావళిలో దూరిందంటే ఇక దాన్ని బయటికి పంపడం ఎవరి తరమూ కాదు. 1368లో పావొలూచ్చో త్రించి అనే సహోదరుడు, అసలు నియమం తు.చ. తప్పక పాటిస్తానని ఇటలీలో బ్రుల్యానో కొండల్లోకి వెళ్లాడు. అక్కడ రాళ్లు, బురద, పాములు. కొయ్య జోళ్లు తప్పలేదు. ఫ్రాన్సిస్ సభలోకెల్లా (సభ అంటే ఇక్కడ సన్యాసుల సంఘం) కఠిన నియమస్థులకి జనం పెట్టిన పేరు ఏమిటి? కొయ్యజోళ్లవాళ్లు. టకటకమని శబ్దం చేస్తూ దీనత్వం కొండ దిగి రావడం ఎంత రమ్యంగా ఉండి ఉంటుందో!

ఇక తెరేసమ్మ. కార్మెల్ సభ మఠకన్య. 1562 ఆగస్టు 24న ఆవిలాలో చిన్న మఠం పెట్టింది. ఆవిలా సముద్రమట్టానికి 1,100 మీటర్ల పైన ఉన్న ఊరు, చలికాలం మంచు కురుస్తుంది. అందుకని ఆమె తన మఠకన్యలకి తోలు జోళ్లు మాన్పించి, పేదలు తొడిగే నార చెప్పు పెట్టింది. దాన్ని స్పెయిన్‌లో అల్పర్గాత అంటారు. గంజాయి జాతి మొక్క నారని జడలా అల్లి (మత్తు లేని రకం, చెప్పుకి మత్తు అక్కర్లేదు), ఆ జడని పాదం ఆకారంలో చుట్టలు చుట్టి, పక్క నుంచి పక్కకి లావు సూదితో చుట్టలన్నీ గుచ్చి బిగలాగి కుడితే అడుగు తయారు. దాని మీద ముతక గుడ్డ, చీలమండకి కట్టుకోవడానికి పట్టీలు. ఎండలో బాగుంటుంది. వాన పడిందా, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, బరువెక్కుతుంది, రెండు రోజులైనా ఆరదు, లోపల్లోపల కుళ్లుతుంది. ముందు మడమ కింద దారం అరుగుతుంది. అది తెగితే చుట్ట మొత్తం విప్పుకుంటూ పోతుంది. ఇది పేదరికమే, కాదనం. పైగా మర్యాద కోసం ముతక మేజోళ్లు కూడా ఉండాలని ఆమె తన నియమావళిలో రాసిపెట్టింది. దీనంతటికీ కలిపి పేరు: ఉత్తకాళ్ల కార్మెల్ సభ.

అంతకన్నా విచిత్రం, నిజంగా ఉత్తకాళ్లతో నడిచినవాళ్లకి జరిగింది. 1568 నవంబరు 28న దురువేలోలో ఆమె దారి పట్టిన సిలువ యోహాను, ఇంకొందరు సహోదరులు మగవాళ్ల మఠం మొదలుపెట్టారు. కోసుల దూరంలో ఉన్న ఊళ్లకి మంచులో, చలిలో వట్టి కాళ్లతో నడిచివెళ్లి బోధించేవాళ్లు. అప్పటికి వాళ్లకి నార చెప్పులు లేవని, తర్వాత తొడుక్కోమని ఆజ్ఞ అయిందని తెరేసమ్మే రాసింది. అంటే ఉత్తకాళ్ల సభలో చేరాక చెప్పులు తొడుక్కోమని ఆజ్ఞ!

ఆ కాలంలో స్పెయిన్ ప్రభుత్వం ఒక పాదరక్షల నిర్ధారణ సంఘం వేసి ఉంటే బాగుండేది. ఊహించుకోండి. ఆవిలా కోట గుమ్మం దగ్గర బల్ల, బల్ల వెనక అధికారి, పక్కన గుమాస్తా, కొలబద్ద. మొదట ఒక సహోదరుడు వస్తాడు.

"కాలికి అదేంటి?"

"ఏమీ లేదండి."

"కనబడుతుంటే ఏమీ లేదంటారేం?"

"కనబడేది నారండి. నార లెక్కలోకి రాదు."

"దాని లోపల?"

"మేజోడండి. మర్యాద కోసం."

అధికారి వంగి, కొలిచి, గుమాస్తాకి చెబుతాడు: "రాయి. పరీక్షించడమైనది. నార చెప్పులు ఒక జత, మేజోళ్లు ఒక జత ధరించియున్నారు. కావున ఉత్తకాళ్లు అని ధ్రువీకరించడమైనది. ముద్ర వెయ్యి. తర్వాత?"

తర్వాత వచ్చినవాడి మడమలు పొలం గట్టులా పగిలి ఉంటాయి.

"నీదే సభ?"

"ఏ సభా కాదండి, గొర్రెలు కాస్తాను."

"చెప్పులు ఎప్పుడు విడిచిపెట్టావు?"

"ఉంటే కదండీ విడవడానికి."

గుమాస్తా రిజిస్టరు తిరగేస్తాడు. ఆ గడి లేదు. పైఅధికారిని అడుగుతారు, పైఅధికారి దైవశాస్త్రంలో పట్టభద్రుడు. ఆయన తీర్పు: "విడిచిపెట్టడానికి ముందు కలిగి ఉండవలెను. ఇతడు కలిగి లేడు. కావున ఇతడి కాళ్లు ఉత్తవి కావు. పక్కకి నిలబెట్టండి, పల్లకీ వస్తోంది."

పల్లకీలో వచ్చేది రాచకన్య. ఆమెని కిందికి దిగమనరు, కాళ్లూ చూడరు. లోపలి నుంచి కాగితం వస్తుంది, ముద్ర పడుతుంది. ఇది మాత్రం పూర్తిగా ఊహ అనుకోకండి. మాడ్రిడ్‌లో 1559లో ఐదో చార్లెస్ చక్రవర్తి కూతురు హువానా, తాను పుట్టిన రాజభవనంలోనే క్లారమ్మ సభ మఠకన్యలకి మఠం పెట్టింది. దాని పేరే రాచ ఉత్తకాళ్ల మఠం, దెస్కాల్సాస్ రియాలెస్. రాజవంశపు ఆడవాళ్లు, వాళ్లతో పాటు వాళ్ల ధనమూ అక్కడ చేరాయి. తర్వాత గోడలకి వేలాడదీయడానికి రూబెన్స్ చేత బొమ్మలు గీయించి, బ్రస్సెల్స్‌లో నేయించి తెప్పించారు. కాళ్ల కింద ఏమీ ఉండకూడదన్నారు గానీ, గోడల మీద ఉండకూడదని ఎవరన్నారు? నేటికీ వెళ్లి చూడొచ్చు, టిక్కెట్టు ఉంది.

నవ్వులాటలా కనిపించిన ఈ చెప్పుల తగువు 1577 డిసెంబరు 2 రాత్రి నెత్తుటి దాకా వెళ్లింది. బూట్ల కార్మెలువాళ్లు, అంటే తెరేసమ్మ మార్పులు ఒప్పని పాత శాఖవాళ్లు, ఆయుధాలతో మనుషుల్ని వెంటేసుకుని వచ్చి, ఆవిలాలో సిలువ యోహానుని పట్టుకుపోయారు. తొలేదో మఠంలో ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు కొట్లో పెట్టారు. వెలుతురుకి పైన ఒక సందు. భోజనశాలలో అందరి మధ్యా మోకరింపజేసి, సహోదరులు వంతులవారీగా కొరడాలతో కొట్టారు. దాదాపు తొమ్మిది నెలలు. 1578 ఆగస్టులో దుప్పటి పేలికలు ముడేసి, కిటికీలోంచి దిగి తప్పించుకున్నాడు. అసలు తగువు చెప్పుల గురించి కాదు. ఎవరి మఠం మీద ఎవరి పెత్తనం, ఎవరి మాట ఎవరు వినాలి అన్నదే తగువు. చెప్పు దానికి జెండా. 1580లో పాపుగారు వీళ్లని వేరే ప్రాంతీయ శాఖగా విడదీశారు, 1593లో పూర్తిగా వేరే సభ చేశారు.

ఆ తర్వాత ఉత్తకాళ్లు ఫ్యాషనయ్యాయి. అగస్టీను సభలో 1588లో కఠిన శాఖ, త్రిత్వ సభలో 1599లో, మెర్సెదు సభలో 1603లో. ప్రతి సభకీ ఒక బూట్ల శాఖ, ఒక చెప్పుల శాఖ. ఫ్రాన్సిస్ సభ ఉత్తకాళ్లవాళ్లని 1897లో 13వ లియో పాపుగారు ఒక్క ఉత్తర్వుతో మిగతా శాఖల్లో కలిపేశారు. కార్మెలువాళ్లు మాత్రం పేరు వదల్లేదు. వాళ్లలో చాలామందికి ఇప్పుడు కాలికున్నది బకిల్ పెట్టిన తోలు శాండల్. నార ఎక్కడికి పోయిందని అడగకండి, అవసరం తరిమింది.

ఇక్కడిదాకా స్పెయిన్ చలి, స్పెయిన్ వాళ్ల తిప్పలు. అదే చెప్పు మన వైపు వచ్చింది. 1606లో ఇటలీ యేసుసభ (జెసూట్) గురువు రాబర్టో దె నోబిలి మదురై చేరాడు. అప్పుడక్కడ ఏలుబడి తెలుగు నాయకులది. ఆయనకి సంస్కృతం చెప్పింది శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణుడు. నోబిలి తెలుగూ నేర్చాడు. నల్ల అంగీ తీసి కాషాయం కట్టాడు, మాంసం మానాడు, తోలు జోళ్లు విడిచి కొయ్య పావుకోళ్లు ఎక్కాడు. పావుకోడికి పట్టీ ఉండదు; బొటనవేలికీ పక్క వేలికీ మధ్య గుబ్బ ఒక్కటే పట్టు. అలవాటు లేని కాలికి మొదట వేలి సందున బొబ్బ లేస్తుంది, తర్వాత కాయ కాస్తుంది. త్యాగమే అనుకుందాం.

కానీ ఎందుకు విడిచాడు? తెరేసమ్మ తోలు విడిచింది అది పేదలకి అందనిది గనక. ఈయన తోలు విడిచింది అది మైల గనక.

ఎవరి మైల? చచ్చిన గొడ్డుని ఊళ్లోంచి ఈడ్చుకెళ్లి, తోలు వలిచి, సున్నపు నీళ్లలో బొచ్చు ఊడేదాకా నానబెట్టి, గీకి, లందలో తంగేడు చెక్క వేసి రోజుల తరబడి ఊరేసి, ఆ కంపులో చేతులు మగ్గబెట్టి, ఆరెతో పొడిచి కిర్రుచెప్పులు కుట్టిన మాదిగవాడిదట మైల. ఆ చెప్పులు తొడిగి కిర్రుకిర్రుమంటూ ఊరంతా తిరిగినవాడికి లేదు. కుట్టినవాడు అదే వీధి దాటాలంటే తన చేత్తో కుట్టుకున్న చెప్పుల్ని చేత పట్టుకుని కాలే నేల మీద నడవాలి. ఆ ఉత్తకాళ్లని ఏ సభ అన్నారు? ఏ పాపుగారు ముద్ర వేశారు? చెప్పులుండి విడిచినవాడికి పటంలో కాంతివలయం, చెప్పులు కుట్టి తొడుక్కోనివ్వనివాడికి ప్రసంగం! తెలుగు విచారణల్లో (ఒక్కో గుడి పరిధిని విచారణ అంటారు) చాపల మీద కూర్చుని ఆ ప్రసంగాలు వింటున్న చాలామంది, ఆ చెప్పులు చేత పట్టుకున్నవాళ్ల మనవలూ ముని మనవలే. వాళ్లకా ఉత్తకాళ్ల గొప్పతనం పాఠం చెప్పేది? సిగ్గుండాలి.

నోబిలి మీద రోముకి ఫిర్యాదులు వెళ్లాయి. 1623 జనవరి 31న 15వ గ్రెగొరీ పాపుగారు తీర్పిచ్చారు: జందెం, పిలక, గంధం, స్నానం, ఈ నాలుగూ పెట్టుకోవచ్చు. తోలు సంగతి ఆ నాలుగింట్లో లేదు. కాషాయం కట్టి పావుకోళ్లు ఎక్కిన గురువు అంటరానివాళ్లతో నలుగురి కళ్లెదుట కలిస్తే వేషం చెడుతుంది గనక, తర్వాత వాళ్ల కోసం పండారస్వాములని వేరే గురువుల్ని పెట్టారు. వాళ్లూ వీళ్లూ యేసుసభవాళ్లే. కార్మెలువాళ్లు నయం, కనీసం కొట్టుకుని విడిపోయారు.