పాడేవారి దగ్గరే వసూళ్లా?

ఒక పాఠకురాలు మాకు పంపిన ఆహ్వానాన్ని చూశాక ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు. 'వంద మంది కవులు, వంద కవితలు, ఒకే వేదిక' అని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. అసలు సంగతి కింద, చిన్న అక్షరాల్లో ఉంది. ప్రవేశ రుసుము ఫోన్‌పే చేసి స్క్రీన్‌షాట్ పంపాలి. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ శాలువా, జ్ఞాపిక, బిరుదు. సంకలనం అదనపు ప్రతులు కావాలంటే వెల వేరే. చివర 'న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం' అని ముక్తాయింపు. అందరికీ బిరుదు ఖాయమైన చోట న్యాయనిర్ణేతలు తేల్చడానికి ఏం మిగిలిందో నిర్వాహకులే చెప్పాలి.

ఇలాంటివి ఎన్ని చూడటం లేదు! కథల పోటీకి ఎంట్రీ ఫీజు. కూచిపూడి నేర్చుకుంటున్న పిల్ల ఐదు నిమిషాలు వేదికెక్కాలంటే ఫీజు, కాస్ట్యూమ్ అద్దె, మేకప్ ఖర్చు, ఫొటోలకు మరికొంత. సీరియల్లో వేషం ఇప్పిస్తామంటూ ఆడిషన్ పేరుతో, పోర్ట్‌ఫోలియో పేరుతో గుంజుడు సరేసరి. ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నదే మా ప్రశ్న. పోటీ పెట్టినవాడు కళాకారుడికి ఇవ్వాలా, కళాకారుడే పోటీ పెట్టినవాడికి సమర్పించుకోవాలా?

తెలుగునాట పోటీ అంటే ఇలా ఉండేది కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటి నుంచి ఊరూరా వెలసిన, నాటక పోటీలు నడిపే పరిషత్తుల సంప్రదాయం మన కళ్లముందే ఉంది. పరిషత్తు వాళ్లే ముందస్తు ఎంపిక (స్క్రూటినీ) కోసం వచ్చి నాటకం చూస్తారు, నచ్చకపోతే నిర్మొహమాటంగా పక్కన పెడతారు. ఎంపికైన నాటక సమాజానికి ప్రదర్శన పారితోషికం, భోజనం, బస పరిషత్తు బాధ్యత. ఆ పారితోషికం సెట్టు మోసుకొచ్చిన వ్యాను కిరాయికి కూడా చాలకపోవచ్చు. అయినా డబ్బు నడిచే దారి సరైనది: చందాలు ఊరి పెద్దలవి, వేదిక పరిషత్తుది, వేషం కట్టినవాడు అతిథి. ఓడిన సమాజం జడ్జీలను తిట్టుకుంటూ వెళ్లేది, మరుసటి ఏడు మంచి నాటికతో వచ్చేది. తిట్టుకునే హక్కు ఉండేది, ఎందుకంటే అక్కడ గెలుపూ ఓటమీ నిజంగా ఉండేవి.

టీవీలోనూ అలాంటి రోజులు చూశాం. 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో బాలసుబ్రహ్మణ్యం పిల్లల ఉచ్చారణ దిద్దారు, శ్రుతి తప్పిన చోట పాడి చూపించారు. బహుమతి రాని పిల్లలూ ఏదో ఒకటి నేర్చుకునే వెళ్లారు. డబ్బు కట్టినవారందరికీ 'గాన కోకిల' బిరుదు పంచే వేదిక మీద ఎవరు ఎవరికి శ్రుతి దిద్దుతారు? ఫీజు కట్టిన తల్లిదండ్రుల ముందు పిల్లకు తాళం తప్పిందని చెప్పే గుండె ఏ జడ్జికి ఉంటుంది?

రికార్డుల పిచ్చి ఎంతవరకు పోతుందో కేరళలోని కొచ్చిలో చూశాం. 2024 డిసెంబరు 29న అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పదకొండు వేల మందికి పైగా భరతనాట్య కళాకారిణులను రికార్డు కోసం ఒకేసారి నిలబెట్టారు. ఆ కార్యక్రమానికి వచ్చిన ఎమ్మెల్యే ఉమా థామస్ వేదిక మీద నుంచి పడి ప్రాణాపాయ స్థితిలో ఆస్పత్రి పాలైతే తప్ప, తల్లిదండ్రుల నుంచి ఎంతెంత వసూలు చేశారన్న సంగతి బయటికి పొక్కలేదు. నిర్వాహకులపై కేసులు పెట్టింది ఆ తర్వాతే. అంతమందిలో ఒక్క పిల్ల అడవును, అంటే నాట్యంలో అడుగు వేసే తీరును, ఎవరైనా చూశారా? అక్కడ పిల్లలు అంకెలు మాత్రమే. ఆ అంకెకు డబ్బు కట్టింది వాళ్ల తల్లిదండ్రులు.

నిర్వాహకుల వాదన మాకు తెలియనిది కాదు. హాలు అద్దె, మైకు, జ్ఞాపికలు, భోజనాలు అన్నీ ఖర్చే, ప్రభుత్వం పైసా ఇవ్వదు, రుసుము లేకపోతే సభే లేదంటారు. ఖర్చుందన్న మాట నిజమే. మరి ఖర్చు పెట్టుకోలేని సభ ఎందుకు? ప్రేక్షకుడికి టికెట్టు అమ్మండి, దాతను అడగండి, జ్ఞాపిక మానేయండి, భోజనం మానేయండి. కవి దగ్గర డబ్బు పుచ్చుకుని ఆ డబ్బుతోనే శాలువా కొని, అదే కవికి కప్పి 'సత్కారం' అనకండి. అది సత్కారం కాదు, కొనుగోలు. రసీదు కూడా లేని కొనుగోలు.

ప్రభుత్వాల పాపమూ తక్కువేం కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం సాహిత్య, సంగీత, నాటక అకాడమీలను ఎత్తేసింది. రెండేళ్లకు తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది కానీ కొత్త రచయిత వెళ్లి తలుపు తట్టగలిగే చోటు చాలా ఏళ్లు మళ్లీ రాలేదు. ప్రభుత్వమే నిర్వహించే నాటక పోటీలైన నంది నాటకోత్సవాలు కొన్నేళ్లు ఊసే లేకుండా పోయి, 2023 డిసెంబరులో గుంటూరులో మళ్లీ కనిపించాయి. ఇలా వదిలేసిన ఖాళీలోనే ఈ దుకాణాలు వెలిశాయి. కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి 35 ఏళ్ల లోపు రచయితలకు 50 వేల రూపాయల యువ పురస్కారం ఇస్తోంది. 2021లో కేంద్ర ప్రభుత్వం యువ రచయితల కోసం ప్రకటించిన పీఎం-యువ పథకం కింద 30 ఏళ్ల లోపు రచయితలు 75 మందికి నెలకు 50 వేల చొప్పున ఆరు నెలలు ఇచ్చారు. ఎంపికల మీద, విషయాల మీద మనకు వంద అభ్యంతరాలు ఉండవచ్చు. కానీ డబ్బు రచయిత వైపు వెళ్లింది, రచయిత జేబులోంచి పోలేదు.

ఇక హక్కుల సంగతి. 'బహుమతి వచ్చినా రాకపోయినా రచనలపై సర్వహక్కులు నిర్వాహకులవే' అన్న నిబంధన ఇప్పుడు మామూలైపోయింది. రుసుమూ వాళ్లకే, కథా వాళ్లకే! 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, రచయిత సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఎక్కడి వరకు, ఎంత ప్రతిఫలానికి అన్నది రాసుకోవాలి. కాలం చెప్పకపోతే ఐదేళ్లే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. వాట్సాప్ పోస్టరు అడుగున ఒక్క వాక్యం తగిలించి రచయిత జన్మహక్కు పట్టుకుపోవడం కుదరదు. మరో విచిత్రం చూడండి. కథ తన సొంతమనీ, అనువాదం, అనుకరణ కాదనీ, ఎక్కడా పరిశీలనలో లేదనీ రచయిత హామీపత్రం జతచేయాలి. జడ్జీలు ఎవరో ముందే చెబుతామని, ఫలితాలు ఫలానా తేదీన ఇస్తామని, బహుమతి సొమ్ము నెలలోగా పంపుతామని నిర్వాహకుడి నుంచి మాత్రం ఏ హామీపత్రమూ ఉండదు. హామీలన్నీ ఒకవైపు నుంచే, డబ్బూ అటునుంచే.

మా భయం ఒక్కటే. ఇది ఆనవాయితీ అయిపోతోంది. ఈ రోజు రెండు వందలు కట్టి కవిత చదివిన కుర్రాడు, రేపు తాను సంస్థ పెట్టి మరో వంద మంది దగ్గర మూడు వందలు వసూలు చేస్తాడు. తప్పని తోచదు, తనకు తెలిసిన సాహిత్య సభ అదే కనుక. కట్టగలిగినవాడి గోడ నిండా ప్రశంసాపత్రాలు ఉంటాయి. కట్టలేని కూలి ఇంటి పిల్ల, ఎంత బాగా పాడినా, పోటీ జరిగిందన్న సంగతి కూడా తెలియకుండా ఉండిపోతుంది.

రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు ఇకనైనా కదలాలి. ప్రభుత్వ ఆడిటోరియం కోరే ప్రతి సంస్థా పాల్గొనేవారి నుంచి వసూళ్లు లేవని రాసిచ్చేలా చేయాలి. వసూలు చేస్తే హాలు ఇవ్వకూడదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బుకింగ్ ఫారంలో ఒక గడి చాలు.

అందరికన్నా ముందు అడగాల్సింది పెద్దలనే. ఈ పోస్టర్ల మీద ముఖ్య అతిథులుగా, ఆత్మీయ అతిథులుగా నవ్వుతూ కనిపించే కవులు, విశ్రాంత ఆచార్యులు, నాట్యగురువులు, సినీ ప్రముఖులు! మీ ఫొటో చూసే ఆ పిల్లలు డబ్బు కడుతున్నారు. పిలుపు అందగానే కారు పంపుతారా అని అడుగుతారు కదా, ప్రవేశ రుసుము ఎంత అని కూడా అడగండి. తెలిసే వెళ్తున్నామంటారా? అయితే ఆ సభలో మీ భుజాన పడే శాలువాకు డబ్బు కట్టింది ఎవరో కూడా తెలిసే కప్పించుకుంటున్నారన్నమాట.