పుస్తకంలో పదివేలు, స్టిక్కర్ మీద ఐదువేలు

మా డీజిల్ కారు మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడు ఇంజిన్ ఆయిల్ మార్చమని స్పష్టంగా ఉంది. సర్వీస్ సెంటర్‌వాళ్లేమో 5,000కే రమ్మని స్టిక్కర్ అంటించి పంపుతారు. ఎందుకని అడిగితే ఆయిల్ చూసే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి, గుడ్డకు తుడిచి, "చూడండి సార్, నల్లబడిపోయింది" అంటారు. అయ్యా, డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిలైనా త్వరగానే నల్లబడుతుంది! మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే. రంగు చూపించి జనాన్ని భయపెట్టడం ఏం న్యాయం? రోజూ ట్రాఫిక్‌లో, దుమ్ములో, దగ్గరి దూరాలకే తిరిగే బండికి ముందుగా మార్చాలంటే ఒప్పుకుంటాను. కానీ బండి ఎలా తిరుగుతోందో ఒక్కరైనా అడగరే! పైగా చెప్పకుండానే బిల్లులో ఇంజిన్ లోపల కడిగే ‘ఫ్లషింగ్’ ఒకటి. ఏ గ్రేడ్ ఆయిల్ పోశారో రాసివ్వమంటే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.