పీకింది ఒక యుద్ధం, వేయడానికి 64 ఏళ్లు

కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం మాట ఎత్తగానే ఎక్కేవాళ్లెందరు, ఖర్చెంత అన్న లెక్క తీస్తారు. ఆ లెక్క మొదలే తప్పు. 1928లో వేసిన ఈ 45 కిలోమీటర్ల లైన్‌ని పన్నెండేళ్లకే, 1940లో, రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం పీకేశారు. లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి పట్టుబట్టి కదిలించిన పునర్నిర్మాణం, ఆయన పోయిన తర్వాత 2004లో గానీ పూర్తి కాలేదు. జనం ఎక్కక 1940లో మూతపడిందని ఈ లైన్ గురించి ఎవరైనా అంటే నమ్మకండి. దాన్ని ఇనుము కోసం తీసుకుపోయారు.

పీకడం ఎంత తేలికో చూడండి. పని చివరి స్టేషన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు, ఊడదీసిన పట్టాలు మోసుకెళ్లే బండి మిగిలిన పట్టాల మీదే నడవాలి కాబట్టి. అతుకు అతుకుకీ పట్టాల కొసల్ని కలిపే రెండు ఇనుప పట్టీలు (ఫిష్‌ప్లేట్లు), నాలుగు బోల్టులు. తుప్పుకి బిగుసుకుపోయిన బోల్టుని కోసేస్తారు. పట్టా ఎత్తి వ్యాగన్లో వేస్తారు, బండి ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. మీటరుకి 52 కిలోలు తూగే నేటి పట్టా లెక్కన కిలోమీటరు లైన్‌లో రెండు వరసలూ కలిపితే 104 టన్నులు. అప్పటి పట్టాలు ఇంత బరువు లేకపోయినా, యుద్ధంలో ఉన్న ప్రభుత్వం కళ్లకి అదంతా సిద్ధంగా ఉన్న ఉక్కు.

మళ్లీ వేయాలంటే ఉక్కు ఒక్కటే చాలదు. బండి తిరగని మట్టికట్ట ప్రతి వానకీ కొంచెం కొంచెం జారిపోతుంది. పక్క పొలాలు కట్ట అంచుని కొరుక్కుంటూ వస్తాయి. ఒక తరం గడిచేసరికి హద్దురాళ్లు ఎక్కడున్నాయో చెప్పేవాళ్లుండరు. అందుకే పట్టాలు ఎత్తేసినప్పుడు అసలు నష్టం పట్టాలది కాదంటాను. కాకినాడ నుంచి గౌతమి ఒడ్డున ఉన్న కోటిపల్లి దాకా తెగకుండా ఉన్న భూమి పట్టీ పోవడమే అసలు నష్టం.

ఇక మళ్లీ పట్టాలు వేశాక కూడా బండ్లు తిప్పకుండా వదిలేస్తే లైన్ ఏమవుతుందో చూడండి. డెల్టాలో దాని చావు తూముల దగ్గర మొదలవుతుంది. కట్ట కింది తూముకి గుర్రపుడెక్క అడ్డం పడుతుంది, దాని వెనక ఒండ్రు పేరుకుంటుంది. ఎగువ పొలంలో నీళ్లు నిలుస్తాయి, కట్ట అడుగు నాని కుంగుతుంది, పైన పట్టా ఒక పక్కకి ఒరుగుతుంది. కాకినాడ వైపు ఉప్పుగాలి ఇంకో శత్రువు. స్లీపర్‌కి (పట్టాల కింది అడ్డదిమ్మెకి) నాలుగు చొప్పున పట్టాని పట్టుకునే స్ప్రింగు క్లిప్పులుంటాయి. గ్రీజు లేక అవి తమ గూట్లోనే తుప్పుతో అతుక్కుపోతే సుత్తెతో కొట్టినా రావు, ఆ స్లీపర్‌ని పగలగొట్టి తీయాల్సిందే. లెవెల్ క్రాసింగుల దగ్గర చక్రం అంచు పోవాల్సిన సందు మట్టితో, తారుతో పూడిపోతుంది. ట్రాక్ సర్క్యూట్, అంటే పట్టాల్లో పారే కరెంటుతో బండి ఉందని సిగ్నల్‌కి తెలిపే ఏర్పాటు, ఉన్నచోట మరో ప్రమాదం ఉంది: పట్టా తలమీద తుప్పు పొర కడితే పైన బండి ఉన్నా సిగ్నల్‌కి తెలియకపోవచ్చు. రైల్‌బస్సులాంటి తేలిక బండికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

బస్సులుండగా రైలెందుకన్న వాదన ఉంది. బస్సు ఊరి మధ్యలో ఆగుతుంది, రైలు స్టేషన్ ఊరి బయట ఉంటుంది, నిజమే. అయితే ఈ లైన్‌ని తూచింది కోటిపల్లి రేవు దగ్గర ఆగిపోయిన లైన్‌గానే. పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటే జనాన్ని రోజూ చూస్తూ కూడా, ఆవలి ఒడ్డుని లెక్కలో వేయలేదు. 2000-01లో మంజూరైన 57 కిలోమీటర్ల కోటిపల్లి–నర్సాపురం మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడింటినీ దాటి అమలాపురానికి రైలు తేవాలి. అది పూర్తయ్యేదాకా కాకినాడ–కోటిపల్లి ముక్క లాభనష్టాలు తేల్చడం, వంతెన సగం కట్టి ఎవరూ దాటట్లేదనడం లాంటిది.

అసలు జబ్బు రైల్వేది ఒక్కదానిదే కాదు. శంకుస్థాపనకి శిలాఫలకం ఉంటుంది, పూడిక తీతకి ఉండదు. డెల్టా మురుగు కాలువలకి పట్టిన గతి కూడా ఇదే. తవ్వినవాళ్ల పేర్లు చెప్పుకుంటాం, ఏటా గుర్రపుడెక్క తీయించాల్సిన పద్దు దగ్గర మాత్రం చేయి వెనక్కి పోతుంది. గట్టు తెగాక కట్టే డబ్బుతో ఎన్నేళ్లు పూడిక తీయొచ్చో ఆయకట్టు రైతుకి నోటి లెక్క.

కాబట్టి అడగాల్సింది పెద్దదేం కాదు. బండి నడిపినా నడపకపోయినా, మే నెలాఖరులోగా ప్రతి తూము నోరూ తెరిపించాలి. వానలు తగ్గాక ఏడాదికోసారి అతుకులకీ క్లిప్పులకీ గ్రీజు పెట్టించాలి. నెలకోసారి ట్రాలీ తిప్పి క్రాసింగు సందులు శుభ్రం చేయించాలి. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా హద్దురాళ్లు కొలిచి, లేనిచోట కొత్తవి పాతించి, ఆ కొలతల్ని రెవెన్యూ రికార్డులో ఎక్కించాలి. ఈ పనుల్లో దేనికీ నర్సాపురం వంతెనలు పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని లేదు.