పాత స్పోర్ట్స్ కారు బ్రేకులపై తిరుగుతున్న సలహాకు ఖండన

పాత స్పోర్ట్స్ కార్లు ఉన్నవారి మధ్య కొన్ని నెలలుగా వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతున్నది. దాని సారాంశం ఇది: 1960ల నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఎంజీబీ వంటి కార్ల బ్రేకులు నేటి రోడ్లకు చాలవు, వాటికి వాక్యూమ్ బూస్టరు బిగించి, ముందు చక్రాలకు రంధ్రాల డిస్కులు వేసి, వెనుక డ్రమ్ములు తీసేసి అక్కడా డిస్కులు అమర్చి, సిలికాన్ బ్రేకు ఆయిలు పోస్తే కారు సగం దూరంలోనే ఆగుతుంది, ఇక జన్మలో బ్రేకుల జోలికి వెళ్లనక్కరలేదు. (డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, రెండు వైపులా ప్యాడ్లు నొక్కి దాన్ని ఆపుతాయి. డ్రమ్ము అంటే లోపలి నుంచి ఒత్తి ఆపే గుండ్రటి డబ్బా.) విజయనగరంలో స్పిట్‌ఫైర్ ఉన్న నా మిత్రుడు ఒకాయన దీన్ని నమ్మి సామాను తెప్పించబోయారు. ఈ మాటల్లో కొన్ని పొరపాటువి, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి కనుక ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

మొదటిది బూస్టరు. ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టంలో, అంటే మానిఫోల్డులో, పుట్టే వాక్యూమ్ సాయంతో మన కాలి బలానికి మరికొంత బలం జోడించడమే అది చేసే పని. కారును చివరికి ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. గట్టిగా తొక్కితే చక్రాలు జామ్ అయ్యే స్థితిలో బ్రేకులు ఇప్పటికే ఉన్నప్పుడు, బూస్టరు వల్ల కాలికి శ్రమ తగ్గుతుందే తప్ప కారు ఆగే దూరం ఒక్క అడుగు కూడా తగ్గదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు, టైరు పట్టు 0.7 (అంటే కారు బరువులో 70 శాతం బలంతో ఆపగలిగేంత) అనుకుంటే, బ్రేకు పట్టిన తర్వాత సుమారు 36 మీటర్లలో ఆగుతుంది. అదే పట్టు 0.5కు పడిపోతే సుమారు 50 మీటర్లు పడుతుంది. ఆ 14 మీటర్ల తేడా టైరుది. మిత్రుడి కారు టైర్ల పక్కగోడ మీద 1109 అన్న అంకెలున్నాయి, అంటే అవి 2009లో పదకొండో వారంలో తయారైనవి. గాడులు నిండుగానే ఉన్నాయి, కానీ గోరుతో నొక్కితే రబ్బరు చెక్కలా తగిలింది. మోకాళ్ల నొప్పులున్నవారికి బూస్టరు మేలు చేస్తుందని ఒప్పుకుంటాను. అది దూరాన్ని సగం చేస్తుందన్న మాటను మాత్రం ఒప్పుకోలేను.

రంధ్రాల డిస్కుల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. వేడెక్కిన పాతకాలపు ప్యాడ్ల నుంచి వెలువడే వాయువు బయటికి పోవడానికి ఆ రంధ్రాలు ఉపయోగపడేవి. నేటి ప్యాడ్లకు ఆ అవసరం దాదాపు లేదు, పైగా పదే పదే వేడెక్కి చల్లారితే రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి.

వెనుక డిస్కులకు సమర్థనగా, డిస్కు బ్రేకులతో 1953లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ కార్ల పందెం గెలిచిన జాగ్వార్ సీ-టైప్‌ను ఆ సందేశం ఉదహరిస్తుంది. ఆ గెలుపు నిజమే, డిస్కులకు వేడిని తట్టుకునే శక్తి ఎక్కువన్నదీ నిజమే. అయితే బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కనుక ఎక్కువ పని ముందు చక్రాలదే, స్పిట్‌ఫైర్‌కు ముందు డిస్కులు పుట్టుకతోనే ఉన్నాయి. తేలికైన వెనుక భాగానికి లెక్క చూసుకోకుండా బలమైన బ్రేకు పెడితే ముందు చక్రాలకన్నా వెనుకవే ముందు జామ్ అయి, తడి రోడ్డు మీద కారు గిర్రున తిరిగిపోతుంది. డ్రమ్ములతో పాటు హ్యాండ్‌బ్రేకు కూడా పోతుంది, లేదా దానికి వేరే ఏర్పాటు వెతుక్కోవాలి. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కే దారిలో ఒకసారి బండి ఆపి చూసినవారికి హ్యాండ్‌బ్రేకు విలువ తెలుస్తుంది.

ఇక బ్రేకు ఆయిలు. నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఈ సలహాయే. డాట్ అన్నది బ్రేకు ఆయిలు రకాలను తెలిపే ప్రమాణం పేరు. మామూలు డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం, తేమ చేరాక ఆ హద్దు 155కు దిగుతుంది. ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుట్టి, పెడలు తొక్కినా ఒత్తిడి చక్రాలకు చేరదు. మన తీరం గాలిలో ఈ మార్పు త్వరగానే వస్తుంది. సిలికాన్‌తో చేసిన డాట్ 5 తేమను పీల్చదు, నిజమే. కానీ లోపలికి చేరిన నీరు ఆయిలులో కలవక, పల్లంలో ఉన్న, ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో నిలిచి, అక్కడే తుప్పు పట్టించి, 100 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతుంది. పాత ఆయిలుతో అది కలవదు, సన్నటి గాలిబుడగలను పట్టి ఉంచి పెడలును మెత్తబరుస్తుంది. డాట్ 5.1 అన్నది సిలికాన్ కాదు, డాట్ 4 కోవకే చెందినది; సందేశం రెంటినీ ఒకటిగా చెప్పేసింది. ఏళ్ల తరబడి నిలిపి ఉంచే బండికి సిలికాన్ సరిపోవచ్చు, ఘాట్ దిగే బండికి మాత్రం రెండేళ్లకోసారి మార్చే డాట్ 4 చాలు.

ఇది పుస్తకం చూసి అంటున్న మాట కాదు. కొన్నేళ్ల క్రితం అరకు నుంచి దిగుతుండగా నా పాత కారు పెడలు ఒక్కసారిగా నేలకు అంటిపోయింది. సెకండ్ గేరులో, హ్యాండ్‌బ్రేకు లాగుతూ ఎలాగో పక్కకు తీసి నిలిపాను. అరగంట చల్లారాక బ్రేకు మళ్లీ దొరికింది. ఊరికి వచ్చాక మేస్త్రీ సిరంజితో లాగి చూపించిన ఆయిలు టీ డికాక్షన్ రంగులో ఉంది. "ఏటి బాబూ, ఇది ఎప్పుడు మార్చినారు?" అని ఆయన అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

మిత్రుడి కారుకు చివరికి చేసిన పని ఇది. దాసన్నపేటలోని షెడ్డులో ఒకరు పెడలు తొక్కుతుంటే ముందు చక్రం రబ్బరు గొట్టాన్ని నేను పట్టుకున్నాను. తొక్కిన ప్రతిసారీ అది వేళ్ల మధ్య ఉబ్బుతున్నది. ప్యాడ్లను నొక్కవలసిన ఒత్తిడిలో కొంత ఆ ఉబ్బులోనే పోతున్నది. గొట్టాలు, సిలిండర్లలోని రబ్బర్లు మార్చి, డాట్ 4 పోసి గొట్టాల్లోని గాలి తీసి, వెనుక డ్రమ్ముల వెనకనున్న చదరపు మరను చక్రం పట్టేదాకా తిప్పి ఒక్క క్లిక్కు వెనక్కి వదిలాం. టైర్లు కొత్తవి వేయించారు. పెడలు ఇప్పుడు సగం దారిలోనే రాయిలా నిలబడుతున్నది.

అదనంగా ఏదైనా బిగించాలనుకుంటే పెడలు తొక్కితే ఆయిలును చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండరును రెండు అరలున్నది చూసి బిగించుకోవాలి. ఆ కాలపు కార్లలో చాలావాటికి ఒకే అర ఉండేది. ఎక్కడ ఒక్క గొట్టం తెగినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు రెండు వేర్వేరు మార్గాలను తప్పనిసరి చేశారు. ఇంత ముఖ్యమైన భాగం ఊసే ఆ సందేశంలో లేదు. బూస్టరుకని పక్కన పెట్టిన డబ్బుతో మిత్రుడు ఇప్పుడు దానినే తెప్పిస్తున్నారు.