పేగుపూత తిరగబెడితే ఐదు రోజుల యాంటీబయాటిక్ సరిపోతుందా?

తిరుపతి, చిత్తూరు పరిసరాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆరోగ్య సందేశం కొంతకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్) అయినా, పేగులో వాపు, పుండ్లు తెచ్చే క్రోన్స్ వ్యాధి అయినా అసలు కారణం బాక్టీరియానే, జీవితాంతం మందులు అమ్ముకోవడానికే ఆ సంగతి దాచిపెడుతున్నారు, నెత్తుటి విరేచనాలు మళ్లీ మొదలైతే స్టెరాయిడ్లనూ, రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలనూ వెంటనే మానేసి, ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఐదు రోజులు వేసుకుని పెరుగన్నం తినాలి, దానితో తగ్గితే అది ఇన్ఫెక్షనేనని రుజువైనట్టే కాబట్టి మలపరీక్ష, కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) డబ్బు దండగ. ఇదంతా వట్టి కట్టుకథే అయితే ఇంత సమాధానం అక్కరలేకపోయేది. ఆ రెండు వ్యాధులనూ కలిపి ఇక్కడ పేగుపూత అందాం. పేగుపూత ఉన్నవారికి బాక్టీరియా ఇన్ఫెక్షన్లు నిజంగానే వస్తాయి, అవి పాత వ్యాధి తిరగబెట్టినట్టే కనిపిస్తాయి కూడా. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని, వచ్చింది ఏ ఇన్ఫెక్షనో, అసలు ఇన్ఫెక్షనో కాదో తేల్చకుండానే మందు చెప్పేయడం ఈ సందేశంలోని ప్రమాదం.

బాక్టీరియానే మూలమన్న మాటను మొదట చూద్దాం. కడుపులో పుండ్లకు ఒత్తిడి, ఆమ్లం, కారం కారణమని దశాబ్దాలపాటు నమ్మిన వైద్యలోకానికి హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియాను చూపించినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. పేగుపూత విషయంలోనూ అలాంటి మలుపే వస్తుందని ఆశించినవారు లేకపోలేదు. పశువులకు వచ్చే జోనీస్ వ్యాధికీ మనుషుల పేగువ్యాధికీ ఉన్న పోలికను స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు డాల్జీల్ 1913లోనే ఎత్తిచూపాడు. ఆ పశువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిపై గురిపెట్టి, క్రోన్స్ రోగులకు ఆస్ట్రేలియాలో మూడు యాంటీబయాటిక్‌లను కలిపి రెండేళ్లపాటు ఇచ్చి చూశారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం తొలి నెలల్లో కొంత మేలు కనిపించింది గానీ అది నిలవలేదు. రెండేళ్లు మూడు మందులు వాడినా లొంగని వ్యాధి ఐదు రోజుల మాత్రలకు మాయమవుతుందనడానికి ఆధారం ఎక్కడుందో సందేశం రాసినవారే చెప్పాలి. పైగా ఈ ప్రయోగమంతా వైద్య పత్రికల్లో అచ్చయింది, దాచిపెట్టిందేమీ లేదు. పేగులో సహజంగా ఉండే బాక్టీరియా మీదికే శరీరపు రక్షణ వ్యవస్థ అదుపు తప్పి విరుచుకుపడటం ఈ వ్యాధికి ముఖ్య లక్షణమని ఇప్పటి అవగాహన. బాక్టీరియాను పసిగట్టే ఎన్ఓడీ2 జన్యువులోని మార్పులకూ క్రోన్స్‌కూ సంబంధం ఉందని 2001లో తేలింది. ఈ కథలో బాక్టీరియాకు పాత్ర ఉంది. కానీ బయటినుంచి వచ్చిన ఒకే ఒక్క శత్రువును చంపితే ముగిసే కథ కాదిది.

ఇక, తగ్గితే ఇన్ఫెక్షనేనన్న తర్కం. సందేశంలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే వాక్యం ఇదేనని నా అభిప్రాయం. కాంపిలోబాక్టర్, సాల్మొనెల్లా వంటి బాక్టీరియావల్ల వచ్చే విరేచనాలు చాలామందిలో కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ రోజుల్లో వేసుకున్న మాత్రకు పేరు దక్కుతుంది. ఇన్ఫెక్షన్ ఏమీ లేకపోయినా క్రోన్స్‌లో మలద్వారం దగ్గర వచ్చే లూటీలకు (చీము కారే రంధ్రాలకు, అంటే ఫిస్టులాలకు) యాంటీబయాటిక్ కొంత ఉపశమనం ఇస్తుంది. మన దేశంలో మరీ జాగ్రత్త పడాల్సింది పేగు క్షయ విషయంలో. చిన్నపేగు చివర, పెద్దపేగు మొదట్లో అది చేసే పుండ్లు క్రోన్స్ పుండ్లను ఎంతగా పోలి ఉంటాయంటే, బయాప్సీ (పేగు నుంచి తీసిన చిన్న ముక్క పరీక్ష) చూసిన తర్వాత కూడా నిపుణులు తర్జనభర్జన పడతారు. ఆఫ్లాక్సాసిన్ జాతి మందులు క్షయ క్రిమి మీద కొంత పనిచేస్తాయి. ఐదు రోజుల మాత్రలతో క్షయ నయం కాదు. కాస్త తగ్గినట్టు అనిపించి, రోగ నిర్ధారణ మాత్రం ఆలస్యమవుతుంది.

ఆ మాత్రలే కొత్త జబ్బును తెచ్చిపెట్టవచ్చు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలీ, ఆసుపత్రుల్లో సి.డిఫ్ అని పిలిచే బాక్టీరియాను 1935లో పసిపిల్లల మలంలో మొదట గుర్తించారు. యాంటీబయాటిక్ వాడకం తర్వాత వచ్చే తీవ్రమైన పెద్దపేగు వాపుకు కారణం అదేనని 1978లో తేలింది. యాంటీబయాటిక్ పేగులోని సహజ బాక్టీరియాను తుడిచిపెట్టినప్పుడు, నిద్రాణంగా ఉన్న దీని బీజాలు మొలకెత్తి విషపదార్థాలను వదులుతాయి. ఆఫ్లాక్సాసిన్ జాతి మందులు ఇందుకు పేరుమోసినవి. పేగుపూత ఉన్నవారిలో సహజ బాక్టీరియా వైవిధ్యం ముందే తగ్గి ఉంటుంది కాబట్టి, ఏ యాంటీబయాటిక్ వాడకపోయినా వారికి సి.డిఫ్ రావచ్చు. ఈ వ్యాధికి గుర్తుగా చెప్పే పసుపు పొరలు కూడా వారి పేగులో చాలాసార్లు కనిపించవు. దీనికి వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను నోటిద్వారానే ఇవ్వాలి. ఇంజెక్షన్‌గా ఇస్తే అది పెద్దపేగులోకి చేరదు. ఆర్నిడజోల్‌కు దగ్గరి చుట్టమైన మెట్రోనిడజోల్‌ను ఒకప్పుడు వాడేవారు గానీ ఇప్పుడు దానికి మొదటి స్థానం లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం. మందుల షాపులో పది మాత్రలు అడిగితే షీటును కత్తెరతో కత్తిరించి ఇస్తారు. ఇంటికి వచ్చిన ముక్క మీద సగం పేరే మిగులుతుంది. వారం తర్వాత తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో, రుయాలోనో, వేలూరు సీఎంసీలోనో “ఏం మాత్రలు వేసుకున్నారు?” అని డాక్టరు అడిగితే, “పచ్చ షీటు, గ్యాస్ మాత్రతో కలిపి ఇచ్చినారు సార్” అన్న జవాబే దక్కుతుంది. క్షయనో సి.డిఫ్‌నో వెతుకుతున్న డాక్టరుకు ఆ పేరు ఎంతో అవసరం.

స్టెరాయిడ్లను వెంటనే మానేయమనడం నేరుగా ప్రాణం మీదికి తెచ్చే సలహా. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను వారాల తరబడి వాడినవారిలో మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా హార్మోను చేయడం తగ్గించేస్తాయి. మాత్రను ఒక్కసారిగా ఆపితే, అందులోనూ విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు, రక్తపోటు పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ వంటి మాత్రలను వైద్యులు తాత్కాలికంగా ఆపే సందర్భాలు ఉంటాయి, నిజమే. ఇన్ఫెక్షన్, పేగుపూత రెండూ ఒకేసారి ముదిరి, రెండింటికీ కలిపి మందులివ్వాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఏది ఆపాలో ఏది కొనసాగించాలో పరీక్ష ఫలితాన్ని బట్టి, రోగి పరిస్థితిని బట్టి తేల్చాల్సిందే.

పెరుగన్నం ఆహారంగా మంచిదే. ఒంటికి పడేవారు తినవచ్చు. సి.డిఫ్‌కు గానీ, క్షయకు గానీ అది మందు కాదు.

చివరిది, పరీక్షలు దండగన్న మాట. పేగుపూత తిరగబెట్టినట్టు కనిపించిన ప్రతిసారీ సి.డిఫ్‌తో సహా ఇన్ఫెక్షన్ల కోసం మలాన్ని పరీక్షించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మలంలో చూసి పేగు వాపును తెలిపే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఒక్కటే చాలదు, ఎందుకంటే అది ఇన్ఫెక్షన్‌లోనూ పేగుపూతలోనూ పెరుగుతుంది. సైటోమెగలో వైరస్ వంటివి పెద్దపేగు నుంచి తీసిన ముక్కలో బయటపడతాయి. వాటికి ఏ యాంటీబయాటిక్ కూడా పనిచేయదు. పరీక్ష సరిగ్గా రావాలంటే నమూనా కూడా సరిగ్గా ఉండాలి. సి.డిఫ్ విషపదార్థం మామూలు వేడిలో రెండు గంటల్లోనే కనిపించకుండా పోవచ్చు. పుంగనూరు నుంచో పలమనేరు నుంచో మే నెల ఎండలో డబ్బాను సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చేకంటే, ఆసుపత్రికి వచ్చాకే నమూనా ఇవ్వడం మేలు. ఇంట్లో రోగికి సేవ చేసేవారు చేతులను సబ్బుతో, నీళ్లతో కడుక్కోవాలి, శానిటైజర్‌కు సి.డిఫ్ బీజాలు చావవు.

రోజుకు ఆరు లేదా అంతకు మించి నెత్తుటి విరేచనాలు అవుతూ, వాటితోపాటు 37.8 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం గానీ, నిమిషానికి 90 దాటిన నాడి గానీ, బాగా తగ్గిన హీమోగ్లోబిన్ గానీ ఉంటే దానిని తీవ్రమైన దశగా లెక్కిస్తారు. ఆ రోగిని ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాలి. అక్కడ నరం ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ పనిచేస్తోందో లేదో మూడో రోజుకే తేల్చుకుని, పనిచేయకపోతే వేరే మందుకో శస్త్రచికిత్సకో సిద్ధపడతారు. సందేశం అలాంటి రోగిని ఇంట్లోనే ఐదు రోజులు ఆగమంటోంది.