ఒక్కసారి అనండి మేడం, ప్లీజ్!

ఈ హైదరాబాద్‌లో రేడియో అనౌన్సర్‌గా పనిచేసి ఇంట్లో కూర్చున్న మనిషికి ప్రశాంతంగా కూరగాయలు కొనుక్కునే హక్కు లేదు. ఎవరో ఒకరు గుర్తుపట్టేస్తారు. మొహం చూసి కాదు, "బెండకాయలు లేతవేనా బాబూ" అన్న ముక్క విని. ఇక అంతే, సంచీ కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "అమ్మా, మీరు ఫలానా కదా, మా నాన్న మీ గొంతు వినకుండా కాఫీ ముట్టేవాడు కాదు, ఒక్కసారి అనండి మేడం ప్లీజ్, ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం అని, ఒక్కటంటే ఒక్కసారి" అని మొదలుపెడతారు, అనేదాకా వదలరు, అన్నాక ఫోన్ బయటికి తీసి "మళ్ళీ ఓసారి మేడం, ఇందాక రికార్డ్ నొక్కలా" అంటారు.

రిటైరైన తహసీల్దార్‌ని పట్టుకుని "సార్, ఒక్కసారి రేపు రమ్మనండి సార్, పాత రోజులు గుర్తొస్తాయి" అని అడిగినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? అనౌన్సర్‌ని మాత్రం ఎవరైనా ఎక్కడైనా అడగొచ్చు. ఫ్రీ కదా. స్టేటస్‌లో పెట్టుకోవచ్చు కూడా, కింద రెండు దండాలు, ఒక ఏడుపు బొమ్మ, "గోల్డెన్ డేస్" అని.

ఇంత డిమాండ్ ఉన్న ఉద్యోగం కాబట్టి యువతరానికి పనికొస్తుందని ఈ కెరీర్ గురించి నాలుగు ముక్కలు చెప్పడం నా సామాజిక బాధ్యత అనిపించింది. పిల్లల్ని అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సులో పడేసేముందు తల్లిదండ్రులు ఇది ఓసారి చదువుకోవాలి.

ముందు రాతపరీక్ష ఉంటుంది. సాహిత్యం, సంగీతం, లోకజ్ఞానం అన్నీ కావాలి. తర్వాత గొంతు పరీక్ష, అంటే ఒక గదిలో మైకు ముందు కూర్చోబెట్టి, నాలుక మెలికలు పడే కాగితం ఒకటి చేతికిస్తారు, పెద్దలు గాజు అద్దానికి అవతల కూర్చుని వింటారు. చాలామంది ఇక్కడే రాలిపోతారు. నెగ్గినవాళ్ళకి వాణి అని ఒక ట్రైనింగ్ కోర్సు, దానికో సర్టిఫికెట్. కంగ్రాట్యులేషన్స్, మీరిప్పుడు క్యాజువల్ అనౌన్సర్, అంటే పర్మనెంట్ కాదు, డ్యూటీ పడ్డ రోజుకి మాత్రమే మనిషి. నెలకి 6 డ్యూటీలు.

అవును, ఆరే. ఆ సంగతి తర్వాత చెప్తా, ఇప్పుడే మొదలుపెడితే బీపీ మాత్ర వేసుకోవాల్సొస్తుంది.

డ్యూటీ అంటే ఏంటో ముందు తెలియాలి కదా. పొద్దున్నే షిఫ్ట్ అనుకోండి, పాలవాడు కూడా లేవకముందే సైఫాబాద్‌లో స్టూడియోకి చేరాలి. ట్రాన్స్‌మిషన్ మొదలవ్వగానే ఆ సిగ్నేచర్ ట్యూన్ వస్తుంది చూడండి, యూరప్ నుంచి బొంబాయి వచ్చి తలదాచుకున్న వాల్టర్ కౌఫ్‌మన్ అనే ఆయన 1930ల్లో కట్టింది, ఆ తర్వాత వందేమాతరం, మంగళధ్వని, ఆపైన మీ గొంతు. జలుబు చేసినా, పిల్లాడికి జ్వరమొచ్చినా, రాత్రి అత్తగారితో గొడవైనా ఆ గొంతులో అవేవీ వినబడకూడదు. ముందు క్యూ షీట్ (ఏ సెకనుకి ఏం రావాలో రాసిన కాగితం), కళ్ళెదురుగా గడియారం, చేతి కింద ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట). ఢిల్లీ వార్తలు రిలే తీసుకోవాలంటే ఆ సెకనుకే తీసుకోవాలి, రెండు సెకన్లు ముందైతే సగం మాట తెగుతుంది, రెండు సెకన్లు ఆలస్యమైతే మౌనం వినబడుతుంది, రేడియోలో మౌనం అంటే జనం సెట్టుని రెండు దెబ్బలేస్తారు. ప్రసంగం ముందే అయిపోతే ఖాళీ నింపడానికి ఫిల్లర్, పాట పొడుగైతే మెల్లగా తగ్గించి ఫేడ్. ఇవన్నీ ఒక ఎత్తు, అంతరాయం ఇంకో ఎత్తు. టేపు తెగిందా, లైను రాలేదా, ట్రాన్స్‌మిటర్ మొండికేసిందా, ప్రసంగించాల్సిన ప్రముఖులు ఇంకా స్నానమే చేయలేదా, తప్పు ఎవరిదైనా సరే, రాష్ట్రం మొత్తానికి వినబడేలా "అంతరాయానికి చింతిస్తున్నాం" అనాల్సింది మాత్రం అనౌన్సరే. ఈ దేశంలో ప్రభుత్వం తరఫున పబ్లిక్‌గా సారీ చెప్పిన ఒకే ఒక్క ఉద్యోగం ఇది, గమనించండి.

ఇంకో చిత్రం ఏంటంటే ఆ స్టూడియోకి కూతవేటు దూరంలో అసెంబ్లీ. అక్కడా మైకులే, ఇక్కడా మైకులే. అక్కడ బెల్లు కొట్టినా ఆపకుండా మాట్లాడినవాళ్ళకి మాజీ అయ్యాక కూడా పింఛను, ఇక్కడ సెకన్లు లెక్కపెట్టి మాట్లాడినవాళ్ళకి నెలకి 6 డ్యూటీలు.

మళ్ళీ ఆ ఆరు దగ్గరికే వచ్చా. ఆగుతా.

టీవీ సంగతి చూద్దాం. రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న వచ్చాయి, చదివింది శాంతి స్వరూప్ గారు. మొదట్లో టెలిప్రాంప్టర్ లేదు. ఆయన వార్తలు కంఠస్థం చేసి కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు, ఇది ఆయనకి ఎవరో పెట్టిన అష్టావధానం కాదండీ, రోజూ చేసే ఉద్యోగం. 2011లో రిటైరయ్యారు, 2024 ఏప్రిల్‌లో పోయారు. ఆరోజు మన జనం పెట్టిన పోస్టులు చూడాలి. "ఆ గొంతు మూగబోయింది" అట. నాయనా, ఆయన రిటైరై పదేళ్ళు దాటింది, మధ్యలో మీలో ఎంతమందికి గుర్తున్నారో మీ మనస్సాక్షిని అడగండి. ఆ "మూగబోయింది" అన్న హెడ్డింగ్ పత్రికాఫీసుల్లో రెడీగా పెట్టుకుంటారనుకుంటా, పేరూ ఫొటో మార్చడమే.

ఇప్పటి ప్రైవేటు చానెళ్ళ యాంకర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వాళ్ళ గురించి వాళ్ళే చాలా గట్టిగా చెప్పుకుంటున్నారు. వానొచ్చిందని చెప్పడానికి రెయిన్‌కోటేసుకుని నడుంలోతు గ్రాఫిక్స్ నీళ్ళలో నిలబడి అరిచే పిల్లలు వాళ్ళు, కాంట్రాక్టు ఎప్పుడు ఊడుతుందో తెలీదు కాబట్టి అరుస్తున్నారేమోనని నాకో అనుమానం. ఎఫ్ఎం ఆర్జేలకి ఆ అవకాశం కూడా లేదు, ప్రైవేటు ఎఫ్ఎంలో సొంతంగా వార్తలు చదవనివ్వరు, చదివితే ఆకాశవాణి వార్తలే ఉన్నదున్నట్టు వెయ్యాలి. అందుకే పాపం పొద్దున్నించీ ట్రాఫిక్ మీద జోకులు.

అసలు నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఇవేవీ కాదు, మొన్నామధ్య జరిగిన ఒక సన్మానం. హాలు పేరు చెప్పను, చిక్కడపల్లి వైపు సాయంత్రం పూట నడిస్తే సన్మానం తగలకుండా ఇంటికి చేరడం కష్టమని అందరికీ తెలిసిందే. పాతికేళ్ళు రేడియోలో పనిచేసిన ఒకావిడకి ఘన సన్మానం, "స్వర సామ్రాజ్ఞి" అని బిరుదు. ఫ్లెక్సీ మీద ఆవిడ ఫొటో పోస్టేజ్ స్టాంపంత, ముఖ్య అతిథి ఫొటో తలుపంత. ఆరింటికన్నారు. సెకను తేడా రాకుండా బతికిన మనిషి కదా, ఆవిడ ఆరింటికి అయిదు నిమిషాల ముందే వచ్చి కూర్చుంది. హాల్లో ఆవిడ, నేను, కుర్చీలు సర్దే అబ్బాయి.

ముఖ్య అతిథి ఏడున్నరకి వచ్చాడు. "హలో హలో మైక్ టెస్టింగ్" అన్నాడొకాయన, మైకు కూత పెట్టింది. ఈవిడ అలవాటు కొద్దీ ముందుకి వంగి, "స్పీకర్ బాక్సు కొంచెం అటు తిప్పండి నాయనా, మైకుకి ఎదురుగా ఉంది" అంది. "మీరు కూర్చోండమ్మా, మా ఆపరేటర్ చూసుకుంటాడు" అన్నారు. ఆపరేటర్ సమోసా తింటున్నాడు. సభ మొత్తం ఆ కూతతోనే జరిగింది.

సభాధ్యక్షుడు నలభై నిమిషాలు మాట్లాడాడు, తన చిన్నతనం, తన ఊరు, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క రేడియో, ఆ రేడియో తన తాతగారిది కావడం, తాతగారి ఎడ్లబండి, ఎడ్లు. ముఖ్య అతిథి లేచి "మేడం గొంతు వింటూ పెరిగాం, కానీ ఇవాళ చూస్తే గొంతుకి తగ్గట్టు లేరే అనిపించింది" అన్నాడు, అందరూ నవ్వారు, ఆవిడ కూడా నవ్వింది, అనౌన్సర్ కదా, లోపలేమున్నా బయటికి రానివ్వకూడదు. ఒక కవిగారు ఆవిడ గొంతు మీద కవిత చదివాడు, అందులో కోయిల మూడుసార్లు వచ్చింది, ఆయన గొంతు మాత్రం ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు. తర్వాత శాలువా. ఒకాయన కప్పాడు, ఫొటో. ఫొటోగ్రాఫర్ ఇంకా రాలేదని తెలిసి విప్పి మళ్ళీ కప్పారు. అప్పుడు ఇంకో సంస్థ వాళ్ళది ఇంకో శాలువా. ఆపైన ఒక కాలనీ సంఘం వాళ్ళది. మే నెలండీ! ఫ్యాన్లు తిరుగుతున్నాయో మనల్ని చూసి తల ఊపుతున్నాయో తెలీని హాల్లో, అరవై దాటిన మనిషి మీద వరసగా శాలువాలు. నీళ్ళడిగితే పూలబొకే ఇచ్చారు.

తొమ్మిదింబావుకి యాంకరమ్మ మైకు తీసుకుని, "ఇప్పుడు మన స్వర సామ్రాజ్ఞి గారి స్పందన, సమయాభావం వల్ల రెండు నిమిషాల్లో ముగించాల్సిందిగా కోరుతున్నాం" అంది. సమయాభావం! బతుకంతా సమయం కాపాడిన మనిషికి సమయాభావం! ఆవిడ లేచి మైకు ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలో పెట్టుకుని (కూత అక్కడితో ఆగిపోయింది, ఎవరూ గమనించలా) "అందరికీ నమస్కారం" అనేలోపే వెనక నుంచి కేక, "మేడం, అది కాదు, ఒక్కసారి ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం అనండి!" హాలంతా ఫోన్లు పైకి లేచాయి. అంది పాపం. చప్పట్లు. అక్కడితో స్పందన అయిపోయింది, జాతీయగీతం పెట్టేశారు. ఆవిడేం చెప్పాలనుకుందో ఎవరికీ అక్కర్లేదు.

నేను కనుక్కున్నా, బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు. ఆవిడ పాతికేళ్ళూ క్యాజువల్.

ఇప్పుడు చెప్తా ఆరు సంగతి. నెలకి 6 డ్యూటీలంటే ఏడాదికి 72. పాతికేళ్ళకి, ఒక్కటి కూడా పోకుండా అన్నీ దొరికాయనుకున్నా, 1800 రోజులు. అయిదేళ్ళు కూడా నిండలేదు. మన చెవుల్లో పాతికేళ్ళు, కాగితం మీద అయిదేళ్ళ లోపు. ఎందుకు ఆరు? ఏడు ఇస్తే ఏమవుతుంది? లేబర్ చట్టంలో ఏడాదికి 240 రోజులనే లెక్క ఒకటుంది కదా, అంత పనిచేస్తే మనిషికి కాస్తో కూస్తో హక్కులొస్తాయి. 72 దగ్గర ఆపేస్తే 240 కలలోకి కూడా రాదు. పైగా నోటిఫికేషన్‌లోనే రాస్తారు, ఇది ఉద్యోగం కాదు, రెగ్యులర్ చెయ్యమని అడక్కూడదు అని. పర్మనెంట్ అనౌన్సర్లు ఒక్కొక్కరే రిటైరై పోతున్నారు, ఆ కుర్చీల్లో కూర్చుని ట్రాన్స్‌మిషన్ నడిపేది ఈ క్యాజువల్ వాళ్ళే. పని శాశ్వతం, మైకు శాశ్వతం, ట్రాన్స్‌మిటర్ శాశ్వతం, మనిషి మాత్రం క్యాజువల్. పాతికేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి క్యాజువల్ ఎలా అవుతుందయ్యా, సిగ్గుండక్కర్లా? దేశంలో ఎన్ని కేంద్రాల వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు, తిరిగీ తిరిగీ వయసైపోయింది. మిగతా ఇరవై నాలుగు రోజులు ఏం తిన్నారో ఎవడైనా అడిగాడా? ట్యూషన్లు చెప్పుకున్నారు, డబ్బింగులకెళ్ళారు, పెళ్ళి రిసెప్షన్లలో మైకు పట్టుకున్నారు. 2023లో ఆల్ ఇండియా రేడియో పేరు పక్కనబెట్టి అన్నిచోట్లా ఆకాశవాణి అనే అనాలని ఆర్డరేశారు, శుభం, పేరు మార్చే ఓపిక ఉంది. ఆ పేరు పలికే మనిషి సంగతి చూసే ఓపిక లేదు. మనమేమన్నా తక్కువా? ఆవిడ మీద కప్పిన శాలువాల డబ్బులు పెట్టి ఆవిడకి రెండు నెలల మందులు కొనొచ్చు, ఆ ఆలోచన ఒక్క బుర్రకి రాలా, "ఒక్కసారి అనండి" మాత్రం అందరికీ వచ్చు.

అయితే శుభవార్త ఏంటంటే ఈ వృత్తిలో ఇద్దరికి నిజంగా పర్మనెంట్ కొలువు దొరికింది. 2024 మే 26న దూరదర్శన్ వాళ్ళ రైతుల చానెల్ డీడీ కిసాన్‌లో చేరారు, పేర్లు ఏఐ క్రిష్, ఏఐ భూమి. కంప్యూటర్ బొమ్మలు. 50 భాషల్లో మాట్లాడతాయట, అలుపు లేకుండా 24 గంటలు, 365 రోజులు వార్తలు చదువుతాయట, గొప్పగా ప్రకటించారు. రాతపరీక్ష లేదు, గొంతు పరీక్ష లేదు, వాణి సర్టిఫికెట్ లేదు. దూరదర్శన్‌కీ ఆకాశవాణికీ ఇద్దరికీ యజమాని ఒక్కరే, ప్రసార భారతి. మనిషికైతే నెలకి ఏడో రోజు ఇవ్వడానికి భయపడ్డ ఇంట్లోనే బొమ్మకి 365 రోజులూ ఇచ్చేశారు, ఎందుకంటే బొమ్మ 240 లెక్కపెట్టదు, కోర్టుకెళ్ళదు, ముసలిదవ్వదు. మనుషుల గొంతులు వినిపించకుండా ఏ మెషీనూ మాట్లాడటం నేర్చుకోదు, ఆ గొంతులు ఇచ్చినవాళ్ళకి ఏం ఇచ్చారని అడిగితే మళ్ళీ శాలువా పట్టుకొస్తారేమోనని భయం. పాపం వాటికీ ఎప్పుడో ఓ రోజు కరెంటు పోతుంది, సర్వర్ పడుతుంది, "నమస్కారం" దగ్గర నోరు తెరిచి అలా ఆగిపోతాయి. అప్పుడు అంతరాయానికి చింతించడానికి ఎవరో ఒక మనిషి కావాలి కదా, ఆ పోస్టుకైనా నెలకి 6 డ్యూటీలు ఇస్తారేమో ఎవరైనా కనుక్కుని చెప్పండి.