ఊళ్లు సున్నా అయితే రోగులూ సున్నాయేనా?

తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 2015 నాటి 967 నుంచి సున్నాకు తగ్గాయని 2020లో పార్లమెంటుకు చెప్పిన లెక్కను, నల్లగొండలో ఫ్లోరోసిస్ వైద్యం ఊసెత్తిన ప్రతిసారీ అడ్డం పెట్టుకోవడం పాలకులకు రివాజైంది. ఆ సున్నా నీళ్లది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు మండలాల్లో వంగిన నడుముతో, బిగిసిన మెడతో బతుకీడుస్తున్న మనుషులది కాదు.

మిషన్ భగీరథ నీళ్లతో పిల్లలకు మేలు జరిగిందన్నది నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. అయితే ఏళ్ల తరబడి బోరు నీళ్లతో ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడు, ఇంటికి నల్లా వచ్చిన రోజునే దిగిపోదు. వెన్నెముక బిగుసుకుపోయి, లోపలి నరాలు నలిగే దశకు చేరిన రోగిని మునుపటి మనిషిని చేసే మందు ఇంతవరకు లేదు. మందు లేని జబ్బుకు కాక మరి దేనికి పరిశోధన?

హైదరాబాద్‌కు నల్లగొండ కొత్త కాదు. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970వ దశకంలో మన పల్లెల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయిన వారిని పరీక్షించి రాసిన వ్యాసాలు అంతర్జాతీయ వైద్య పత్రికలకెక్కాయి. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ‘నల్లగొండ టెక్నిక్’ అని ఈ జిల్లా పేరే పెట్టగా, ఆఫ్రికా దేశాల దాకా అది వెళ్లింది. ఇక్కడి రోగికి దక్కింది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, పింఛను, నొప్పి గోలీలు.

చౌటుప్పల్ మండలంలో ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం పెడతామని 2016లో కేంద్ర ఆరోగ్య మంత్రి హోదాలో జె.పి.నడ్డా ఇచ్చిన హామీ, 2022 మునుగోడు ఉపఎన్నిక దాకా హామీగానే ఉండి, ఆ ఎన్నికలో రెండు పార్టీలు తిట్టుకోవడానికి మాత్రం పనికొచ్చింది. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉండగా వేరే కేంద్రమెందుకని అడిగేవారున్నారు. ఎయిమ్స్‌లోనే ప్రత్యేక విభాగం పెట్టినా ఈ పత్రికకు అభ్యంతరం లేదు, పెట్టాలి గదా!

మమ్మల్ని కలవరపెడుతున్నది ఇక్కడ పడుతున్న ఒరవడి. కారణం తొలగింది కనుక రోగం లేనట్టే, రోగం లేదు కనుక రోగీ లేనట్టే అనే ఈ లెక్క ఒకసారి చెల్లితే, రేపు పాలమూరులో రాతి పొడి ఫ్యాక్టరీకి తాళం పడగానే దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన కూలీలు కూడా కాగితాల్లోంచి మాయమవుతారు. నీటి నమూనా పరీక్షించి మనిషికి ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు.

ఫ్లోరోసిస్ బాధితులను ఇంటింటికీ తిరిగి లెక్కించి, ఆ జాబితాను ప్రకటించండి. పరిశోధన కేంద్రం వస్తుందో రాదో రాతపూర్వకంగా చెప్పండి. కేంద్రం రాష్ట్రాన్ని, రాష్ట్రం కేంద్రాన్ని చూపించి తప్పించుకోవడం ఇక చాలు. నడుము ఎత్తలేని మనిషి ఓటు కోసం మంచం దాకా వచ్చే నాయకులకు, అదే మంచం దగ్గరికి డాక్టరును పంపడానికి సున్నా అడ్డం రావడం సిగ్గుచేటు.